కనెక్టింగ్ క్యాబిన్లు విడిపోయాయి, ఇప్పుడు ఏది తీసుకోవాలి?

నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబుతో క్రూజ్‌కి వెళ్తున్నాం. ఊపు తక్కువగా ఉంటుందని ఓడ మధ్యలో, కింది డెక్‌లో, మధ్య తలుపున్న రెండు కనెక్టింగ్ క్యాబిన్లు నంబర్లు చూసి మరీ బుక్ చేశాం. అందులో ఒకదాన్ని "అప్‌గ్రేడ్" అంటూ మూడు డెక్‌లు పైకి మార్చేశారు.

ఫోన్ చేశాం, మెయిల్ పెట్టాం. పాత గది వేరేవాళ్లకి ఇచ్చేశారట. రెండు బుకింగులూ లింక్ చేయించి, ఇకపై అప్‌గ్రేడ్ వద్దని రాయించాం. పోయిన గది మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు ఇస్తామంటున్నవి రెండు. కారిడార్‌కి అటూ ఇటూ ఎదురెదురు గదులు, అంటే రాత్రంతా ఒక్కో గదిలో ఒక పెద్ద, ఒక బిడ్డ. లేదా నలుగురికీ ఒకే బాల్కనీ క్యాబిన్. అందులో పాపకి మిగిలేది సీలింగ్ నుంచి దిగే బెర్తు. అంత ఎత్తులో దాన్ని పడుకోబెట్టాలంటే నాకు భయం. ప్లాన్‌లో కొలిచి చూస్తే, బాబు తొట్టి వేశాక బాత్రూమ్ తలుపు సగమే తెరుచుకునేలా ఉంది. పైగా బాబు ఎనిమిదింటికే పడుకుంటాడు, చిన్న వెలుతురుకే లేచిపోతాడు.

శుక్రవారంలోగా మిగతా డబ్బు కట్టాలి, ఆ తర్వాత రద్దు చేస్తే కోత పడుతుంది. ఈ వయసు పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ఎదురెదురు గదులు తీసుకోమంటారా, ఒకే బాల్కనీ క్యాబినా?