హోమ్‌స్కూలింగ్ పిల్లల్ని ఇప్పుడు ఆల్టర్నేటివ్ స్కూల్లో వేయాలా?

నిజాంపేట అమ్మ:
పాపకి 12, బాబుకి 9. ఐదేళ్లుగా ఇద్దరూ ఇంట్లోనే చదువుతున్నారు. ఊరి చివర ఒక చిన్న ఆల్టర్నేటివ్ స్కూలు చూశాం. మొత్తం 40 మంది పిల్లలు. మార్కులు, ర్యాంకులు లేవు, చిన్నా పెద్దా కలిసే కూర్చుంటారు. పదో తరగతి ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూలు ద్వారా రాయిస్తారట. జూన్‌లో చేర్పించాలని నాకుంది, మావారికి ఇష్టం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కర్నూలు నాన్న:
ముందు వాళ్లు టీసీ ఇస్తారో లేదో అడగండి. మావాణ్ణి రెండేళ్లు ఇంట్లో చదివించి, ఏడో తరగతిలో వేద్దామని ఒక ప్రైవేటు స్కూలుకి తీసుకెళ్లాను. టీసీ లేదని మూడు గంటలు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి ఐదులో వేసుకుంటామన్నారు. అంతసేపూ వాడు షూ లేసు విప్పుతూ, మళ్లీ కడుతూ కూర్చున్నాడు. టీసీ సంగతి తేలకుండా అడుగు వేయకండి.

లెక్కల మాస్టారు:
అంత టెన్షన్ అక్కర్లేదండి. 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చూడండి. బడికి వెళ్లని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఎన్‌ఐఓఎస్ పదికి 14 ఏళ్లు నిండితే చాలు. ఎనిమిది పాసైన కాగితం లేకపోతే పదో తరగతి చదవగలనని సొంతంగా రాసిచ్చినా సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు, ఐదేళ్ల గడువు.

శిరీష, వైజాగ్:
ఫీజు ఎంతండి? ఆల్టర్నేటివ్ అన్నవన్నీ ఒకటి కాదు. మదనపల్లె రిషివ్యాలీ కూడా అలాంటి స్కూలే, కానీ అక్కడి పిల్లలు ఓపెన్ స్కూలు కాదు, ఐసీఎస్ఈ బోర్డు పరీక్షే రాస్తారు.

కర్నూలు నాన్న:
మాస్టారూ, ఆ సెక్షన్ నేనూ ప్రింట్ తీసుకెళ్లాను. ఎవరూ చదవను కూడా చదవలేదు.

లెక్కల మాస్టారు:
ఒక్క ఆఫీసులో జరిగినదాన్ని పట్టుకుని అందర్నీ భయపెట్టకండి. డీఈఓకి ఫిర్యాదు చేయాల్సింది.

కర్నూలు నాన్న:
మీరు బడి లోపల కూర్చుని మాట్లాడుతున్నారు. గేటు బయట పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడితే తెలుస్తుంది!

నిజాంపేట అమ్మ:
దయచేసి ఆపండి. నేను అడిగింది టీసీ గురించి కాదు. సాయంత్రం నాలుగింటికి ఎదురు అపార్ట్‌మెంట్ దగ్గర స్కూలు బస్సు ఆగేసరికి పాప బాల్కనీలోకి వెళ్తుంది. చివరి పిల్ల దిగేదాకా పిలిచినా లోపలికి రాదు. అది చూసి స్కూలు మాట ఎత్తితే మావారు, "ఇప్పుడు పంపితే ఈ ఐదేళ్లూ మనం తప్పు చేసినట్టే కదా" అంటున్నారు. అసలు గొడవ అదీ.

లెక్కల మాస్టారు:
తప్పేం లేదమ్మా. ఏడేళ్లప్పుడు ఇల్లు సరిపోయింది, పన్నెండేళ్లకి స్నేహితులు కావాలి. ముందు ఒక వారం కూర్చోనిస్తారేమో అడగండి. ఇద్దర్నీ ఒకేసారి మార్చాలని కూడా లేదు.

కర్నూలు నాన్న:
మీ ఆయన మాట నాకు తగిలిందండి. ఒక టీచరు మీద కోపంతో మావాణ్ణి బడి మాన్పించాను, వాణ్ణి ఒక్క మాట అడగలేదు. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు "నన్నెందుకు మాన్పించావు నాన్నా" అన్నాడు. మీ పాపని అడగండి. టీసీ సంగతి కూడా కనుక్కోండి.

నిజాంపేట అమ్మ:
పాపని రాత్రి అడిగాం. సోమవారమే వెళ్తానంది. బాబు మాత్రం అక్క లేకుండా ఇంట్లో ఉండను, స్కూలుకీ రాను అంటున్నాడు.