పాత పటానికి ఫ్రేము మార్చొచ్చా, ఫ్రేము కూడా బొమ్మలో భాగమేనా?

పర్లాకిమిడి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పూజగదిలో లక్ష్మీదేవి పటం ఉందండీ, రవివర్మ ప్రెస్ ప్రింటు, చీరకి అక్కడక్కడా జరీ అతికించి ఉంటది. టేకు ఫ్రేము, కింద చెక్క సగం చెదలు తినేసింది, వెనక అట్టంతా బూజు. తమ్ముడేమో బరంపురం తీసుకెళ్లి గోల్డ్ కలర్ ఫైబర్ ఫ్రేము వేయించేద్దాం, ఆ పాత చెక్క పారేద్దాం అంటున్నాడు. నాకు అస్సలు మనసొప్పట్లేదు. అమ్మమ్మ ఇన్నేళ్లూ బొట్లు పెట్టింది కాగితానికి కాదు కదా, అద్దానికీ ఆ చెక్కకీనూ, ఇప్పటికీ చెక్క మీద పసుపు మరక దిగిపోయి ఉంది. నా లెక్కలో ఫ్రేము కూడా పటమే. మీరేటంటారు?

గోపాల్‌పూర్ రాజు:
తమ్ముడు చెప్పింది రైటు. రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో పెట్టారు, కాగితం అచ్చయింది అటువైపు, ఫ్రేము ఇక్కడ ఏ వడ్రంగో అప్పుడు చేతికి దొరికిన చెక్కతో కట్టుంటాడు, దాన్ని బొమ్మలో భాగం అంటే ఎలా? పెద్ద పెద్ద మ్యూజియంలే మార్చాయి. నెపోలియన్ టైంలో పారిస్ లూవ్ర్‌లో చాలా పెయింటింగులకి పాత ఫ్రేములు పీకేసి అప్పటి ఎంపైర్ ఫ్యాషన్ ఫ్రేములు వేశారు. చొక్కా మారిస్తే మనిషి మారిపోతాడా? చెదలున్న చెక్క ఇంట్లో ఉంచుకుంటే రేపు తలుపులూ తింటాయి.

ఆర్ట్ స్టూడెంట్:
రాజు అన్నా, మ్యూజియం చేసింది కాబట్టి కరెక్ట్ అనుకోకూడదు. ఆ మార్పుల వల్ల ఏ బొమ్మకి అసలు ఏ ఫ్రేము ఉండేదో చాలావాటికి తెలీకుండా పోయింది, అది నష్టమే. యూరప్‌లో మొదట్లో చర్చి బొమ్మలకి ఫ్రేమూ పలకా చాలాసార్లు ఒకే చెక్కలోంచి చెక్కేవాళ్లు, మధ్యలో గుంట చేసి, అంచుకీ బొమ్మకీ కలిపే సుద్ద పూత పూసి, బంగారు రేకు వేసి అప్పుడు రంగులు. వాన్ ఐక్ అని ఫ్లాండర్స్ పెయింటర్, తలపాగా చుట్టుకున్న మనిషి బొమ్మ ఒకటి వేశాడు, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తన పేరు, 1433 అక్టోబర్ 21 అనే తేదీ అన్నీ రాసింది ఫ్రేము మీదే! ఆ చెక్క పారేసుంటే ఆ రాతంతా పోయేది. చాలా తర్వాత సూరా అనే ఫ్రెంచి పెయింటర్ అయితే చుక్కలతో వేసిన బొమ్మలకి ఫ్రేముల మీద కూడా చుక్కలు పెట్టాడు. వాన్ గోహ్ 1887లో పండ్ల బొమ్మ వేసి ఫ్రేముకీ అదే పసుపు రంగు తనే వేసుకున్నాడు.

గోపాల్‌పూర్ రాజు:
వాళ్లు ఆర్టిస్టులు, సొంతంగా చేసుకున్నారు తమ్ముడూ. ఇక్కడ రవివర్మ ఈ ఫ్రేముని చూసింది లేదు, పెట్టింది లేదు. తేడా అక్కడే ఉంది.

గుణుపురం అప్ప:
బొమ్మ వేసినవాడే ఫ్రేము చెయ్యాలా బాబూ? మా వైపు సవర వాళ్ల ఊళ్లలో ఇడితాల్ అనే గోడబొమ్మ చూడండి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో ముందు అంచు గీస్తారు, తర్వాతే లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు చంద్రుడు. ఆ అంచు దేవతకి ఇల్లు. అంచు తీసేస్తే ఇంక ఆ దేవత ఉండేదెక్కడ? పూరీ వైపు పటచిత్రాల్లో కూడా పూల అంచు బట్ట మీదే రాసేస్తారు, చెక్క కొట్టక్కర్లేదు. దేవుణ్ణి ఉంచుకునే బొమ్మకి అంచు అంటే అలంకారం ఒక్కటే కాదు. అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఆ చెక్కకి బొట్టు పెట్టిందంటే ఆవిడకి అది పటంలో భాగమే, రవివర్మ చూశాడా లేదా అన్నది ఇక్కడ అడగాల్సిన మాట కాదు.

ఫ్రేముల పని (బరంపురం):
నేను పటాలు కట్టే పనే చేస్తాను, మా నాన్నా ఇదే. రెండు వైపులా కొంచెం కొంచెం కరెక్టే గాని అసలు ప్రమాదం ఎవరూ చెప్పలేదు. ముందు వెనక అట్ట తీయించండి అమ్మా, కాగితాన్ని గోధుమరంగు చేసేది, పెళుసు చేసేది ఎక్కువగా అదే, పాత అట్టల్లో, న్యూస్‌పేపర్లలో యాసిడ్ ఉంటది. దాని బదులు యాసిడ్ లేని మౌంట్ బోర్డు అడగండి. రెండోది, పాత పటాల్లో కాగితం అద్దానికి ఆనుకునే ఉంటది, మన సముద్రపు తేమకి ప్రింటు మీది వార్నిష్ అద్దానికి అంటుకుపోద్ది. అంటుకుని ఉంటే మాత్రం లాగొద్దు, కాగితాలు బాగుచేసేవాళ్లకే ఇవ్వండి. లేకపోతే అంచుల చుట్టూ అద్దం కింద సన్నటి పట్టీ వేయించి ఖాళీ ఉంచాలి. జరీ ఉందన్నారు కాబట్టి ఆ ఖాళీ ఇంకా అవసరం.

ఫ్రేము సంగతికొస్తే, చెదలు కింద ముక్కకే అయితే మూల విప్పి ఆ ముక్క వరకే కొత్త టేకు వేయొచ్చు, మిగతా మూడు పక్కలూ ఉంచుకోవచ్చు. చెదల మందు కొట్టేముందు ప్రింటు బయటికి తీసెయ్యాలి, మందు కాగితానికి తగలకూడదు. ఫైబర్ ఫ్రేము చవక, చెదలు పట్టదు, కాదనను, రోజూ అమ్ముతాను. కానీ బరువైన పాత అద్దానికి మూలలు విడిపోతాయి.

గోపాల్‌పూర్ రాజు:
ఈ లెక్కన సరే, మూడు ముక్కలు ఉంచడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫ్రేము కూడా బొమ్మే అన్న మాట మాత్రం ఒప్పుకోను. రేపు చెదలు నాలుగు పక్కలూ తింటే అప్పుడు పటం లేనట్టా?

పర్లాకిమిడి అమ్మాయి:
నాలుగూ పోతే కొత్తది కట్టిస్తాం రాజు గారూ. మూడు బాగున్నప్పుడు పారేసేది ఎందుకు అన్నదే నా ప్రశ్న. ఆ ముక్క మార్పించడానికి తమ్ముడూ ఒప్పుకున్నాడు. ఇంకొక్క డౌటు, కొత్త చెక్కకి పాత రంగు వచ్చేలా పాలిష్ పెట్టించాలా?

ఫ్రేముల పని (బరంపురం):
పెట్టించండి, లేకపోతే గోడ మీద అతుకులా కనిపిస్తది.

ఆర్ట్ స్టూడెంట్:
నేనైతే దగ్గరికొస్తే తెలిసేలా ఒక ఛాయ తక్కువ ఉంచమంటాను, వెనకవైపు పెన్సిల్‌తో ఏ ముక్క ఎప్పుడు మార్చారో రాయించండి.

ఫ్రేముల పని (బరంపురం):
వెనక రాయడం మంచిదే. ముందు వైపు మాత్రం కలవాలి, పూజగది పటం అది.