రిలే కలిపితే ఆర్డ్వినో బోర్డు రీసెట్ అవుతోంది

ప్రశ్న (గాజువాక నుంచి):
నమస్కారం. తీరిక వేళల్లో ఇంట్లోనే ఆర్డ్వినో యూనో అనే చిన్న బోర్డుతో మైక్రోకంట్రోలర్ల (ప్రోగ్రాము ప్రకారం పరికరాలను నడిపే చిప్‌ల) పని నేర్చుకుంటున్నాను. ఎల్‌ఈడీలు, బజరు చక్కగా పనిచేశాయి. మేడ మీది ట్యాంకు నిండగానే సంపు మోటారు ఆగిపోయే ఏర్పాటు చేయాలన్నది నా ఉద్దేశం. అందుకు సాధనగా 5 వోల్టుల చిన్న రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు) కాయిల్‌ను, అంటే దానిలోని తీగచుట్టను, 8వ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య నేరుగా కలిపాను. అది ఒక్కోసారి టక్కుమంటోంది, ఒక్కోసారి ఉలుకూ పలుకూ లేదు. అప్పుడప్పుడు బోర్డే రీసెట్ అయి ప్రోగ్రాము మొదటికి వస్తోంది. తప్పు కోడులో ఉందా, బోర్డు పాడైందా, దయచేసి తెలుపగలరు.

సమాధానం (సీతమ్మధార నుంచి):
కోడును అనుమానించనక్కర్లేదండి. మల్టీమీటరుతో కాయిల్ నిరోధాన్ని కొలవండి. ఇలాంటి చిన్న రిలేల్లో అది సాధారణంగా 70 ఓములకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే 5 వోల్టుల వద్ద దాదాపు 70 మిల్లీఆంపియర్లు కావాలి. యూనోలోని ఏటీమెగా328పీ చిప్‌కు ఒక్కో పిన్ను గరిష్ఠ పరిమితి 40 మిల్లీఆంపియర్లు, నిశ్చింతగా వాడదగినది 20 మాత్రమే. మీ రిలే అంతకు మించి లాగడమే ఈ ఇబ్బందికి కారణం. పిన్ను పని ఆజ్ఞ ఇవ్వడమే. కరెంటును ట్రాన్సిస్టర్ మోయాలి. పిన్ను నుంచి 1 కిలో ఓము రెసిస్టర్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు, ఎమిటర్‌ను గ్రౌండుకు, కలెక్టర్‌ను కాయిల్ ఒక కొసకు కలిపి, కాయిల్ రెండో కొసను 5 వోల్టులకు ఇవ్వండి. కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడును, దాని మీది తెల్ల గీత 5 వోల్టుల వైపు ఉండేలా పెట్టడం మరువకండి. కరెంటు ఆగిన క్షణంలో కాయిల్ నుంచి ఎదురుతన్నే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ నిలవదు. 8వ పిన్ను దెబ్బతిన్నదేమో ఎల్‌ఈడీ, రెసిస్టర్ పెట్టి చూసుకోండి.

సమాధానం (పెదవాల్తేరు నుంచి):
ట్యాంకు సంగతి కూడా ఇప్పుడే ఆలోచించడం మంచిది. నీళ్లలో రెండు రాగి తీగలు ముంచి మట్టం తెలుసుకునే పద్ధతి చాలా వీడియోల్లో కనిపిస్తుంది గానీ, డీసీ ఎప్పుడూ పారుతుంటే విద్యుద్విశ్లేషణ వల్ల తీగ తినేసుకుపోతుంది. దానికన్నా ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చు) మేలు: ఒక కొస గ్రౌండుకు, మరొకటి పిన్నుకు ఇచ్చి, కోడులో ఇన్‌పుట్ పుల్లప్ (చిప్ లోపలి రెసిస్టర్‌ను వాడే అమరిక) పెడితే విడి రెసిస్టర్ కూడా అక్కర్లేదు. మరొక మాట, మన సముద్రపు గాలికి బ్రెడ్‌బోర్డు (సాల్డర్ లేకుండా భాగాలను గుచ్చి కలిపే పలక) లోపలి క్లిప్పులు, జంపర్ వైర్ల కొనలు మసకబారి కనెక్షన్లు వదులవుతాయి. పరీక్ష పూర్తయ్యాక జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ సర్క్యూట్ బోర్డు) మీద సాల్డర్ చేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

సమాధానం (మధురవాడ నుంచి):
రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన మోటారును నేరుగా దానికి కలపవద్దు. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మామూలు కన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది, ఆ దెబ్బకు చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ట్యాంకు నిండినా మోటారు ఆగదు. ఆ రిలేతో కాంటాక్టర్ (పెద్ద కరెంటుకు తట్టుకునే భారీ రిలే) కాయిల్‌ను మాత్రమే నడిపించి, మోటారును కాంటాక్టర్‌కు అప్పగించండి. ఆ 230 వోల్టుల వైరింగును ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.