ఇంటర్ పిల్లలకు వేసవి రెసిడెన్షియల్ క్యాంపు: పంపాలా వద్దా?

గాజువాక అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ పరీక్షలు రాసింది. రుషికొండ వైపు నాలుగు వారాల క్యాంపు అని కాలేజీలో కాగితం ఇచ్చారు. అక్కడే ఉండాలి. యూనివర్సిటీ చదువుకు ముందే తయారు చేస్తారట: ఏ కోర్సు, ఏ ఎంట్రన్స్, హాస్టల్లో ఎలా ఉండాలి. ఫీజు 38 వేలు. ఆయన పంపుదామంటున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. పంపినవాళ్లు ఉంటే చెప్పండి.

ఎంవీపీ నాన్న:
వద్దండీ. ఏడాదంతా పొద్దున్నే బస్సు, సాయంత్రం ట్యూషను. దొరికేదే ఈ కాస్త సెలవు, అదీ గేటు లోపలేనా? మావాడు పోయిన వేసవిలో నర్సీపట్నంలో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. తాతగారితో బ్యాంకుకు వెళ్లి చలానా రాశాడు, తిరిగి ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. పైసా ఖర్చు లేదు, ముంజలు అదనం.

పాత హాస్టలర్:
నేను రెండేళ్ల కిందట ఇలాంటి దానికే వెళ్లాను. ఇప్పుడు బీటెక్. మూడో రోజు ఒక సార్ గంటసేపు ఇంగ్లిష్‌లో మాట్లాడి, అర్థమైంది ఒక పేజీలో రాయమన్నారు. నాలుగు లైన్లు రాశాను. అప్పటిదాకా బోర్డు మీద ఉన్నది ఎత్తి రాసుకోవడమే తెలుసు మరి. ఇంజినీరింగ్‌లో చేరాక అదే అక్కరకొచ్చింది. బట్టలు ఉతుక్కోవడం, తెల్లారి నాలుగింటికి లైటు వేసే రూమ్మేట్‌తో సర్దుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నా. కానీ చివరి వారం క్లాసులు తగ్గించేశారు. అమ్మానాన్నలను పిలిచి, వాళ్లదే కోచింగ్‌కు అడ్వాన్స్ కట్టమని కూర్చోబెట్టారు. మా నాన్న మొహమాటానికి కట్టేశారు. అది తిరిగి రాలేదు.

రిటైర్డ్ లెక్చరర్:
అమ్మా, ఆ కాగితంలో టైంటేబుల్ ఉందా? పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా లెక్కలు అని ఉంటే అది సెకండియర్ సిలబస్‌ను ముందే రుద్దడం. యూనివర్సిటీకి తయారీ కాదు. మనవాళ్లకు ఇంటర్ తర్వాత చదువంటే ఎంసెట్ ఒక్కటే (పేరు ఈఏపీసెట్ అయినా నా నోటికి ఇంకా అదే వస్తోంది), 160 ప్రశ్నలు, ర్యాంకు, అంతే. కానీ సబ్బవరంలో లా యూనివర్సిటీ ఉంది. దానికి క్లాట్ రాయాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, పొడవాటి ఇంగ్లిష్ పేరాలు చదివి జవాబు పెట్టాలి. ఎంపీసీ పిల్ల కూడా రాయొచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి 2022 నుంచి సీయూఈటీ అనే ఎంట్రన్స్ ఉంది, తెలుగులోనూ రాయొచ్చు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఈ రెండూ తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ క్యాంపువాళ్లు ఇవి చూపించి, ఒకరోజు ఆంధ్ర యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి తీసుకెళ్లి ఎవరి పుస్తకం వాళ్లనే వెతుక్కోమంటే, పంపమనే అంటాను.

ఎంవీపీ నాన్న:
మాస్టారూ, ఆ లైబ్రరీ చూపించడానికి నా స్కూటర్ చాలదా?

పాడేరు టీచర్:
మీవాడికి చాలుతుంది సార్. మా పిల్లలకు ఎవరి స్కూటర్? నేను ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. మా పిల్లలు చిన్నప్పటి నుంచీ హాస్టల్లోనే, బట్టలు ఉతకడం వాళ్లే మనకు నేర్పుతారు. వాళ్లకు తెలియనిది అప్లికేషన్. మా దగ్గర చదివి ఇంటర్‌కు వెళ్లిన ఒకమ్మాయి పోయినేడు ఫారం నింపింది. ఫొటో సైజు ఎక్కువని అప్‌లోడ్ అవలేదు. ఊరి నుంచి పాడేరు నెట్ సెంటర్‌కు రెండుసార్లు తిరిగింది. మూడోసారి వచ్చేసరికి గడువు అయిపోయింది. మార్కులు బాగానే ఉన్నాయి ఆ పిల్లకి. ఆ క్యాంపులో ఫీజు లేని సీట్లు నాలుగైనా ఉన్నాయేమో ఎవరైనా కనుక్కోండి.

ఎంవీపీ నాన్న:
అది ఒప్పుకుంటాను. ఆ పిల్లల కోసం పెడితే నేనూ ఒక చెయ్యి వేస్తా. 38 వేలు కట్టగలిగినవాళ్లకు మాత్రం అనవసరం, ఆ మాట మీదే ఉన్నా.

గాజువాక అమ్మ:
ఫోన్ చేశాను. టైంటేబుల్ అడిగితే "అడ్మిషన్ అయ్యాక ఇస్తాం" అన్నారు. ఫీజు లేని సీట్లు లేవట టీచర్ గారూ, త్వరగా కడితే రెండు వేలు తగ్గిస్తారట. ఆయన ఇంకా ఊగిసలాడుతున్నారు. ఇదంతా పక్కన కూర్చుని చదివిన మా అమ్మాయి, క్లాట్ పాత పేపర్ ఒకటి ప్రింట్ తీయించమంది. రేపు ద్వారకానగర్ వెళ్లే పని ఉంది, తీయిస్తాను.