మూకీల నాటి గాజు స్లైడు దొరికింది. కడగొచ్చా?

పిట్స్‌బర్గ్ తెలుగమ్మాయి:
పోయిన శనివారం ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒకరింటి పాత సామాను అమ్మకంలో, చెక్కపెట్టె కొన్నాను. అడుగున ఒక గాజు పలక ఉంది. నాలుగంగుళాల వెడల్పు, మూడుంపావు ఎత్తు. రెండు గాజులు కలిపి చుట్టూ నల్ల కాగితం పట్టీ అంటించారు. కిటికీకేసి పట్టుకుంటే ఆడవాళ్ల బూటు, కింద కొట్టు పేరు, మూడంకెల ఫోన్ నంబరు. బూటుకి వేసిన ఎరుపు, గీత దాటి మడమ పక్కకి కొంచెం పాకింది. ఎవరో చేత్తో వేసిన రంగు! అప్పట్నుంచీ పదేపదే తీసి చూస్తున్నాను. పై గాజు ఒక మూల చిట్లింది, లోపల మసక పట్టింది. పట్టీ ఊడదీసి కడగొచ్చా? ఇది సినిమా హాల్లో వేసిందేనా?

ఆపరేటర్ గారబ్బాయి, గుడివాడ:
అమ్మా, నీళ్లు మాత్రం తగలనివ్వకండి. బొమ్మ ఉండేది జిలెటిన్ పొర మీద. తడిస్తే పొర ఉబ్బి లేచిపోతుంది, ఆ ఎరుపు కరిగిపోతుంది. పట్టీ జోలికి వెళ్లకండి. బయటివైపు మెత్తని పొడిబట్టతో తుడవండి, అదీ చిట్లిన మూల వదిలేసి.

ఆ కొలత అమెరికా హాళ్లలో వాడిన స్లైడుదే. 1905 జూన్‌లో మీ పిట్స్‌బర్గ్‌లోనే, స్మిత్‌ఫీల్డ్ వీధిలో, నికెలోడియన్ అనే సినిమా హాలు తెరిచారు, టిక్కెట్టు ఐదు సెంట్లు. అలాంటి చిన్న హాళ్లలో చాలాచోట్ల ప్రొజెక్టరు ఒక్కటే. వెయ్యి అడుగుల రీలు పావుగంటకల్లా అయిపోయేది. ఇంకో రీలు ఎక్కించేదాకా జనాన్ని చీకట్లో కూర్చోబెట్టలేరు కదా! దీపం పెట్టెని పక్కకి జరిపితే అదే వెలుగు స్లైడు కటకం వెనక్కి వచ్చేది. 'ఆడవారు దయచేసి టోపీలు తీయండి', 'రీలు మారుస్తున్నాం, ఒక్క నిమిషం', వాటి మధ్యలో ఊరి కొట్ల ప్రకటనలు.

మా నాన్నగారిది టాకీల కాలం, కానీ క్యాబిన్‌లో స్లైడు పని అదే. హాల్లో ఎవరికైనా కబురొస్తే గాజుకి సిరా పూసి, ఆరాక గుండుసూదితో గీకి రాసేవారు, 'ఫలానా వారు వెంటనే బయటకు రావలెను' అని. ప్రొజెక్టరులోని కార్బన్ కడ్డీల దీపం ముందు ఎక్కువసేపు ఉంచితే గాజు టప్పున పగిలేది. ఆ శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. మీ స్లైడు చిట్లింది కూడా ఆ వేడికేనేమో.

ఒకటి చూడండి. బొమ్మ తిన్నగా కనిపించేలా పట్టుకుంటే ఎడమ కింది మూల చుక్కేమైనా ఉందా?

పాత కాగితాలు, హైదరాబాద్:
అక్కా, ప్రొజెక్టరులో మాత్రం పెట్టకండి. కింద నుంచి వెలుగొచ్చే లైట్ టేబుల్ మీద ఉంచి ఫోటో తీయండి, పట్టీ అంచులతో సహా, వెనకవైపు కూడా. తర్వాత ఆమ్లం లేని కాగితం కవర్లో, పొడుగు అంచు మీద నిలబెట్టి దాచండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది గాజు బరువుకి పోతుంది.

గుడివాడ అన్నతో ఒక్కచోట నాది వేరే మాట. చిట్లింది బొమ్మ లేని గాజైతే దాన్ని మార్చొచ్చు, మ్యూజియాల్లో మారుస్తారు. కానీ చేయి తిరిగినవాళ్ల పని.

స్లైడు కంపెనీలు బూటు, టోపీ, మందుసీసా బొమ్మలు ముందే అచ్చేసి, పేరుకి చోటు ఖాళీగా వదిలి అమ్మేవి. రాబోయే సినిమా స్లైడ్లకీ అంతే, తేదీ హాలువాళ్లు రాసుకునేవారు. కాబట్టి ఆ బూటు ఎన్ని ఊళ్ల తెరల మీద పడిందో. కొట్టు పేరు మాత్రం మీ స్లైడుకే సొంతం. ఆ పేరు, నంబరు పట్టుకుని జిల్లా లైబ్రరీలో పాత సిటీ డైరెక్టరీలు, అంటే ఊళ్లోవాళ్ల, కొట్ల పేర్లు, చిరునామాలు ఉండే పుస్తకాలు, తిరగేయండి. కొట్టు ఏయే ఏళ్లలో ఉందో తేలితే స్లైడు కాలం చాలావరకు తేలినట్టే.

పిట్స్‌బర్గ్ తెలుగమ్మాయి:
చుక్క ఉంది! చిన్న ఎర్ర కాగితం ముక్క, ఒకవైపు అరిగిపోయింది.

ఆపరేటర్ గారబ్బాయి, గుడివాడ:
అది బొటనవేలి గుర్తమ్మా. కటకం బొమ్మని తిరగేస్తుంది కాబట్టి స్లైడుని తలకిందులుగా దూర్చాలి. అప్పుడు చుక్క కుడి పై మూలకి వస్తుంది. చీకట్లో ఆపరేటరు కుడి బొటనవేలు ఆనేది అక్కడే.

పిట్స్‌బర్గ్ తెలుగమ్మాయి:
ఇప్పుడే అలా తిప్పి పట్టుకున్నాను. నా వేలు సరిగ్గా అరిగినవైపే ఆనింది. హైదరాబాద్ వారి మాట చదివాక భూతద్దంతో కూడా చూశాను. బూటు అచ్చు బొమ్మే. కొట్టు పేరు నల్ల సిరాతో చేత్తో రాసింది. చివరి రెండక్షరాలకి చోటు చాలక ఇరికించారు. సోమవారం సెలవు పెట్టి లైబ్రరీకి వెళ్తున్నాను.