అప్‌డేట్: జాంగోనా, ఫ్లాస్కా అన్న ప్రశ్నకు

పైథాన్ బేసిక్స్, కొంత ఎస్‌క్యూఎల్ వచ్చాక వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్కుల్లో జాంగో నేర్చుకోవాలా, ఫ్లాస్కా అని ఇంతకుముందు అడిగాను. లాగిన్, డేటాబేస్, అడ్మిన్ పేజీ మూడూ కావాలంటే జాంగో తీసుకోమని ఎక్కువమంది చెప్పారు. అదే తీసుకున్నాను, ఆ సలహా సరైనదే. ఫ్లాస్క్‌లో ఇవన్నీ వేర్వేరు ఎక్స్‌టెన్షన్లతో అతికించుకోవాలి. రెండు మూడు రూట్లు (యూఆర్‌ఎల్ దారులు) ఉన్న చిన్న ఏపీఐకి (వేరే ప్రోగ్రాములకు డేటా ఇచ్చే సర్వీసుకు) మాత్రం ఇప్పటికీ ఫ్లాస్కే హాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందే తెలియాల్సింది ఒకటుంది. డేటాబేస్‌లో టేబుళ్లు తయారుచేసే మైగ్రేట్ కమాండ్ మొదటిసారి కొట్టకముందే సొంత యూజర్ మోడల్ (యూజర్ల టేబుల్‌ను వర్ణించే క్లాస్) రాసి, సెట్టింగ్స్‌లో దాని పేరు ఇచ్చేయండి. అందులో ఏ ఫీల్డూ కలపకపోయినా సరే. తర్వాత మార్చాలంటే ఫారిన్ కీలన్నీ (వేరే టేబుళ్ల నుంచి యూజర్‌ను చూపే లింకులు) పాత టేబుల్‌కే అతుక్కుని ఉంటాయి, వాటిని చేత్తో సరిచేయడం నరకం.

ఇక వేగం సంగతి. 100 పోస్టుల లిస్టులో ఒక్కో పోస్టుకీ రచయిత పేరు చూపిస్తే 101 క్వెరీలు (డేటాబేస్‌కు వేసే ప్రశ్నలు) నడుస్తాయి: లిస్టుకు ఒకటి, పేర్లకు 100. క్వెరీసెట్‌కు (పోస్టులను తెచ్చే జాంగో కోడ్‌కు) సెలెక్ట్ రిలేటెడ్ అనే మెథడ్ తగిలిస్తే, రెండు టేబుళ్లనూ కలిపే జాయిన్‌తో ఒక్క క్వెరీలో పని అయిపోతుంది. ట్యాగుల్లాంటి మెనీ టు మెనీ సంబంధాలకు (ఒక పోస్టుకు చాలా ట్యాగులు, ఒక ట్యాగుకు చాలా పోస్టులు) అది పనికిరాదు, ప్రీఫెచ్ రిలేటెడ్ వాడాలి, రెండు క్వెరీలు పడతాయి. డీబగ్ టూల్‌బార్ పెట్టుకుంటే ఈ లెక్క కళ్లముందే కనిపిస్తుంది. మొదటి రోజే పెట్టుకోండి.

సర్వర్‌కు ఎక్కించేటప్పుడు డీబగ్ సెట్టింగ్ ఆపగానే సీఎస్‌ఎస్ మాయమైతే కంగారు పడకండి. డీబగ్ ఆపి ఉంటే స్టాటిక్ ఫైళ్లను (సీఎస్‌ఎస్, బొమ్మల్లాంటివి) జాంగో తనంతట తాను అందించదు. ఆ ఫైళ్లన్నీ ఒకచోట చేర్చే కలెక్ట్ స్టాటిక్ కమాండ్ నడిపి, ఎన్‌జినిక్స్ అనే వెబ్ సర్వర్‌కో వైట్‌నాయిస్ అనే పైథాన్ లైబ్రరీకో అప్పజెప్పాలి. 400 ఎర్రర్ వస్తే ముందుగా సెట్టింగ్స్‌లోని ఆలౌడ్ హోస్ట్స్ జాబితాలో మీ డొమైన్ పేరు ఉందో లేదో చూడండి.