‘అల్లిక జిగిబిగి’లో జిగి ఏమిటి? (పసిపాప స్వెటర్ రాతలో వచ్చిన చిక్కు)

పొడుగుసూది:
సాక్స్ ఊలుతో 3–6 నెలల పాపకు స్వెటర్ అల్లే పద్ధతి తెలుగులో రాస్తున్నాను. అల్లుతూ పోతే చారలూ చుక్కలూ వాటంతటవే పడేలా రంగులద్దిన రకం. 75 పాళ్ళు ఉన్ని, 25 పాళ్ళు నైలాన్, 100 గ్రాములకు 420 మీటర్లు. పది సెంటీమీటర్లలో ఇన్ని కుట్లు అనే కొలతకు ‘బిగి’ అని పెడదామనుకున్నాను. పెట్టగానే ‘అల్లసానివారి అల్లిక జిగిబిగి’ నోట్లో పడింది, ఇక వదలడం లేదు. బిగి సరే. జిగి తళుకా, సాగుడా? పెద్దన కవిత్వాన్ని మెచ్చుకునే ఆ చాటుపద్యం చివరి పాదం కూడా నాకు కాకమాను దగ్గరే ఆగిపోయింది.

గణాలగది:
‘కాకమానురాయ నీకె తగుర’. కాక–నీకె ప్రాసయతి. ‘మాను’ అన్నా ‘మాని’ అన్నా గణం చెడదు కాబట్టి ఆ పేచీలోకి దిగను. జిగి అంటే కాంతి, బిగి అంటే బిగువు. ద్వంద్వసమాసం, సందేహం దేనికి?

వెనక్కుట్టు:
ద్వంద్వమని అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ? గజిబిజిని విడదీసి గజి వేరు, బిజి వేరు అంటామా? జిగిబిగి కూడా అలాంటి జంటమాటే కావచ్చు. కాదూ, విడదీయాల్సిందే అంటే జిగిని జిగురు, జిగటల పక్కన కూర్చోబెట్టండి. సాగుతుంది, పట్టు వదలదు. అల్లికకు కావలసింది అదీ, తళుకు కాదు.

గణాలగది:
ధ్వని పోలికే చుట్టరికమైతే జిగేలు ఇంకా దగ్గరి చుట్టం. అది నా పక్షం. పైగా ‘అల్లిక’ భగణం, ‘జిగిబిగి’ నలం. ‘జిగియును బిగియును’ అని సాగదీయడానికి పాదంలో చోటు లేదు. సముచ్చయం (ఆ ‘యును’లు) ఛందస్సు కోసం పోయిందంతే, అర్థం పోలేదు.

మూడోసూది:
మీ ఊలులో రెండూ ఉన్నాయి లెండి. మెషీన్‌లో ఉతికినా ముడుచుకోకుండా ఉన్ని పొలుసులను అణిచేస్తారు. నునుపు, మెరుపు అక్కడివే. పట్టు తగ్గేదీ అందుకే. తడిస్తే సాగుతుంది. నమూనా ముక్కను ఉతికి, పరిచి ఆరబెట్టాకే కొలవాలి. సాక్సుకైతే 2.5 మి.మీ. సూదుల మీద 30 కుట్లు. పాప స్వెటర్‌కు అంత బిగి అట్టలా ఉంటుంది, 3 మి.మీ. సూదుల మీద 28 కుట్లు, 38 వరుసలు చాలు.

అసలు చిక్కు బిగిలో లేదు, చుట్టుకొలతలో ఉంది. ఈ ఊలుకు రంగులద్దేటప్పుడు మనసులో పెట్టుకున్నది 64 కుట్ల సాక్సు. ఒక రంగు 6 వరుసలు వచ్చిందంటే అది 384 కుట్ల దారం. పాప ఛాతీ 43 సెం.మీ., వదులుకు 5 కలిపితే 48, అంటే 134 కుట్లు. గుండ్రంగా అల్లితే అదే రంగు మూడు వరుసలు కూడా నిండదు. 44 కుట్ల చేతికి వచ్చేసరికి దాదాపు 9 వరుసలు. ఒంటిమీద దారాల్లాంటి గీతలు, చేతుల మీద పట్టీలు! మెడ నుంచి కిందికి అల్లే రాగ్లాన్‌లో (చేతులు మెడ దగ్గరనుంచే ఏటవాలుగా దిగే తీరు) మరీ అన్యాయం: వరుస విడిచి వరుస 8 కుట్లు పెరుగుతూ, చార కళ్ళముందే సన్నబడిపోతుంది.

పొడుగుసూది:
ముందు తెరిచే కోటు పెడితే?

మూడోసూది:
వీపు 67 కుట్లు, సాక్సుకు దగ్గరే. ముందు సగాలు 33 చొప్పున, చార రెట్టింపవుతుంది. ముందూ వెనకా 69 కుట్ల రెండు ముక్కలు (రెండంచుల్లో ఒక్కో కుట్టు కలపడానికి) అల్లి, భుజం మీద బొత్తాలు పెట్టండి. రెండు ముక్కలూ ఒకే రంగు మొదట్లో ఎత్తుకుంటే పక్కకుట్టు దగ్గర చారలు కలుస్తాయి. చుక్కల భాగం మాత్రం వెనక్కీ ముందుకీ అల్లితే అంచుల్లో అదే రంగు దానిమీదే పడి మచ్చ కడుతుంది. దానికి మందు లేదు.

వెనక్కుట్టు:
ఈ ఊలుకు పేరు నేను పెడతాను: చిటికి ఊలు. పోచంపల్లి చిటికి (ఇక్కత్) పనిలో నూలును ముందే కట్టి, అద్ది, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు కదా.

గణాలగది:
అది నేత. పడుగూ పేకా లేనిదానికి చిటికి అంటే ఒప్పుకోను. ‘అల్లిక’ కూడా జడకూ బుట్టకూ చెందిన మాటే. ఒక ఉంగరంలోంచి ఇంకో ఉంగరం లాగే పనికి ఆ పద్యం మూడో పాదం ‘పదగుంఫనంబు’లోని ‘గుంఫనం’ దగ్గర.

వెనక్కుట్టు:
గుంఫనం గుచ్చడమండీ, దండలది. సూది ఉంగరాన్ని గుచ్చదు, దూరుతుంది. పోలిక మాటకొస్తే చిటికి తప్పేమీ కాదు: పేకకు అద్దిన బొమ్మ మగ్గం వెడల్పు మారితే చెదురుతుంది, ఇక్కడ కుట్ల లెక్క మారితే చెదురుతుంది.

గణాలగది:
ఆ పోలిక బాగుంది, పేరు బాగాలేదు. పెద్దన మాటల్లోనే ‘నిరుపహతి స్థలంబు’ (అడ్డంకులు లేని చోటు), ఉయ్యాలమంచం, కప్పురవిడెం ఉంటే తప్ప ‘ఊరక కృతుల్ రచియింపుమటన్న శక్యమే’. 69 కుట్లు లెక్కపెట్టేవాళ్ళకు మొదటిది చాలు.

మూడోసూది:
‘తప్పరయు రసజ్ఞులు’ కూడా కావాలి. తప్పు అరయాల్సిన చోట్లు: ఉండ మధ్యలో ముడి ఉంటే రంగుల వరుస అక్కడ తెగిపోతుంది, అదే రంగు మళ్ళీ వచ్చేదాకా దారం తీసేసి కలపండి. రెండో ఉండ తిరగేసి చుట్టినదైతే చారల క్రమం తలకిందులవుతుంది, రెండో కొసనుంచి మొదలుపెట్టాలి. 100 గ్రాములు బొటాబొటి, రంగు కలపడానికి వృథా పోతుంది కనుక అదే రంగుకుండ సంఖ్య (ఒకే విడతలో అద్దినట్టు గుర్తు) ఉన్న రెండు ఉండలు కొనండి. మెడపట్టీ 2.5 సూది మీద అల్లినా, కుట్లు మూయడం 3.5 మీద. పాప తల ఛాతీకి ఇంచుమించు సమానం.

పొడుగుసూది:
రాశాను: ‘బిగి – 10 సెం.మీ.కు 28 కుట్లు, 38 వరుసలు, ఉతికి ఆరాక.’ జిగి గడి ఖాళీగా ఉంచాను.

వెనక్కుట్టు:
ఉతికి ఆరాక మిగిలేది సాగుడే కదా, రాసెయ్యండి.

గణాలగది:
తళుకూ మిగులుతుంది. నైలాన్ పాలు ఎంతన్నారు?